చెక్ ట్రే ఎత్తి చూశారా?

మైపాడు అనగానే చాలామందికి బీచ్ గుర్తొస్తుంది. ఆదివారం సాయంత్రం నెల్లూరు నుంచి వచ్చి, కాళ్ళు తడుపుకుని, బజ్జీలు తిని పోయేవాళ్ళకు అది బీచే. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు మాత్రం మైపాడంటే వేట, రొయ్యల గుంటలు, పిలకాయల బడి. ఈ పూట నేను బడి గురించి మాట్లాడతాను. కానీ గుంట దగ్గర మొదలుపెడతాను.

రొయ్యల గుంట గట్టు మీద ఎప్పుడైనా నిలబడి చూశారా? గట్టు నుంచి నీళ్ళలోకి చిన్న చెక్క దారి వేసి ఉంటుంది. దాని చివర తాడుకు కట్టిన వల పళ్ళెం ఒకటి నీళ్ళలో దించి ఉంటుంది. దాన్నే చెక్ ట్రే అంటారు. రైతు గుంటంతా మేత చల్లుతాడు. ఆ ట్రేలోనూ ఓ పిడికెడు వేసి దించుతాడు. గంటన్నరో, రెండు గంటలో ఆగుతాడు. ఆగి పైకెత్తి చూస్తాడు. మేత మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గిస్తాడు. గింజ లేకుండా ఊడ్చేసి ఉంటే పెంచుతాడు. ట్రే ఎత్తకుండా రోజూ ఒకే లెక్కన మేత చల్లేవాడు ఎక్కువ రోజులు రైతుగా ఉండడు. మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది. నీళ్ళు చెడిపోతాయి. రొయ్య చచ్చిపోతుంది. అప్పు మాత్రం బతికే ఉంటుంది.

మరి బడిలో సంగతేంది? మేం టీచర్లం రోజూ పాఠం చల్లుతాం. అందరికీ ఒకటే పాఠం, ఒకటే కొలత. ట్రే ఎత్తి చూస్తున్నామా?

ఇవ్వాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. పాఠం చెప్పే ముందు పిల్లవాడి చేత చదివించి వినాలి. ఒక్కొక్కరి చేత, విడిగా. ఒక్క నిమిషం చాలు.

నేను పంతులు పని చేసి రిటైరయ్యాను. ఈ మధ్య మైపాడు వైపు ఒక చిన్న ప్రాథమిక బడికి పోయాను. అక్కడ ఒక అమ్మాయి శిక్షణలో ఉంది. డీఎడ్ చదువుతోంది. ఇలాంటివాళ్ళను పుస్తకాల్లో ఛాత్రోపాధ్యాయులు అంటారు. నోరు తిరగని మాట. పిలకాయలు ట్రైనింగ్ టీచర్ అంటారు. మనమూ అట్నే అనుకుందాం.

ఈ మండలానికి ట్రైనింగ్ టీచర్లు కొత్త కాదు. ఇందుకూరుపేట మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించిన ఊరు అది. జిల్లాకంతా టీచర్లను తయారుచేసే డైట్ కూడా పల్లిపాడులోనే ఉంది. కాబట్టి ఈ చుట్టుపక్కల బళ్ళకు ఏటా కొత్త ముఖాలు వస్తుంటాయి. చేతిలో లెసన్ ప్లాన్, గుండెలో దడ.

ఆ అమ్మాయికి మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి ఒక గంట అప్పజెప్పారు. ఇరవై చిల్లర మంది. చదివించడం పని. నేను పోయిన రోజు అందరి చేతా ఒకే పాఠం చదివిస్తోంది. తను ఒక ముక్క చదువుతుంది. పిల్లలు అదే ముక్క గట్టిగా అంటారు. గోడలు అదిరిపోతున్నాయి. నా వైపు తిరిగి, సంతోషంగా, "అందరూ చదువుతున్నారు సార్" అంది.

"ఒక్కణ్ణి పిలిచి చదివించమ్మా" అన్నాను.

ఒక అబ్బోడు వచ్చాడు. పుస్తకం తెరిచి గడగడా చదివేశాడు. కానీ ఒక చిత్రం చూశాను. వాడి నోరు రెండో పేజీలోకి పోయింది. చెయ్యి ఇంకా పేజీ తిప్పలేదు. ఆ అమ్మాయీ చూసింది. నడిమధ్యన ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది నాయనా?" అని అడిగింది. వాడు వెనక్కి పోయాడు. లైను మొదటి నుంచి పాట లాగా అప్పజెప్పుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగాడు. ఆగి, ఆ మాట చెప్పాడు. చదవలేదు. లెక్కపెట్టుకున్నాడు.

ఆ అమ్మాయి ముఖం చూసి నాకు జాలేసింది. కానీ ట్రే పైకొచ్చింది కదా, అదీ మేలే అనుకున్నాను.

మర్నాడు ఆమె వేపచెట్టు కింద ఒక కుర్చీ వేసుకుంది. ఒక్కొక్కరినీ పిలిచింది. చేతిలో ఒక కాగితం. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాలు, ఒక బుల్లి కథ. నాలుగు వాక్యాలు చదివినవాడికి కథ ఇచ్చింది. తడబడినవాడికి మాటలు ఇచ్చింది. మాటలూ రానివాడికి అక్షరాలు చూపించింది. ఎవర్నీ కోప్పడలేదు. ఎవరికీ మార్కు వేయలేదు. రెండు రోజుల్లో అందరి సంగతీ తేలింది.

ఈ కాగితం ఆ అమ్మాయి కనిపెట్టింది కాదు. 2005 నుంచి మన దేశంలో అసర్ అనే సర్వే జరుగుతోంది. ప్రథమ్ అనే సంస్థ మొదలుపెట్టింది. సర్వే చేసేవాళ్ళు బడికి పోరు, ఇంటికి పోతారు. గడప దగ్గర పిల్లను కూర్చోబెట్టుకుని ఇలాంటి కాగితమే చేతికిస్తారు. చాలా జిల్లాల్లో ఈ పని చేసింది డైట్ కాలేజీల విద్యార్థులే. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తేల్చిన లెక్క ఒకటి చెబుతాను. 2018లో మన రాష్ట్రం పల్లెల్లో మూడో తరగతి పిల్లలు నూటికి 22 మందికి పైగా రెండో తరగతి పాఠం చదవగలిగారు. కరోనాలో బళ్ళు మూతబడి మళ్ళీ తెరిచాక, 2022లో అది నూటికి 10కి పడిపోయింది. నూటికి పది మంది. మిగిలిన తొంభై మంది ముందూ మూడో తరగతి పుస్తకం తెరిచే ఉంది.

వేపచెట్టు కింద ఏం తేలిందో చెబుతాను. ఐదో తరగతి అబ్బాయి ఒకడు అక్షరాల దగ్గరే ఆగాడు. మూడో తరగతి పిల్ల ఒకతె కథంతా చదివేసి, ఇంకొకటి ఉందా అని అడిగింది. ఇంట్లో అవ్వకు కళ్ళు కనపడవట. రోజూ పేపరు ఈ పిల్లే చదివి వినిపిస్తుందట. తరగతి గోడ ఒకటి చెబుతోంది, పిల్ల నోరు ఇంకొకటి చెబుతోంది. ఆ అమ్మాయి తరగతి గోడను పక్కన పెట్టింది. ఆ ఒక్క గంటకు మాత్రం మూడు, నాలుగు, ఐదు అనే లెక్క తీసేసి, మూడు జట్లు కట్టింది.

నేనొక తప్పు చేశాను. అది చెప్పుకోవాలి ఇక్కడ. నేనూ ఒకప్పుడు ట్రైనింగ్ టీచర్నే. అప్పట్లో ఒక ఊళ్ళో పిల్లల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టాను. ఒక వరస చురుకైనవాళ్ళు, ఇంకొకటి మందకొడివాళ్ళు. ఆ పేర్లే అట్టమీద రాసి గోడకు తగిలించాను. గొప్ప పని చేశాననుకున్నాను. రెండో వరసలో ఒక పిల్లవాడు. ఏడాది చివర్లో బస్టాండులో కనపడ్డాడు. గోడమీద సినిమా పోస్టరు ఉంది. అందులో సినిమా పేరు, హీరో పేరు, ఆట వేళలు, కింద సన్నగా ఉన్న ప్రెస్సు పేరుతో సహా చదివి పక్కవాడికి చెబుతున్నాడు. వాడికి చదవడం ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. ఎన్నాళ్ళుగా వచ్చో తెలీదు. నేను వాణ్ణి మొదటి నెలలో ఒకసారి విన్నాను. మళ్ళీ వినలేదు. వాడు మాత్రం ఏడాదంతా ఆ అట్ట కిందే కూర్చున్నాడు.

పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టడం తప్పు కాదు. అక్కడే వదిలేయడం తప్పు.

ఇక్కడ రొయ్యల వ్యాపారం ఇంకోసారి గుర్తుచేసుకోవాలి. రొయ్యకు కౌంటు కడతారు. కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఒకసారి కౌంటు కట్టి పెట్టెలో ఐసు పోశాక ఆ రొయ్య ఇక పెరగదు. అమ్ముకోవడానికి కట్టే లెక్క అది. గుంటలో ట్రే ఎత్తేది పెంచడానికి. నేను ఆ ఏడాది పిల్లలకు కౌంటు కట్టాను. ఐసు పోసేశాను.

ఈ అమ్మాయి నాకంటే తెలివైంది. జట్లకు పేర్లు పెట్టనే లేదు. కూర్చునే చోటే పేరు. కిటికీ జట్టు, వసారా జట్టు, చెట్టు జట్టు. ఏ చోటు ఎక్కువో, ఏ చోటు తక్కువో చెప్పడం కష్టం. పైగా అందరికీ చెట్టు కిందికి పోవాలనే ఉంటుంది. అక్షరాల వాళ్ళను ఆ చెట్టు కింద కూర్చోబెట్టింది.

పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకుంది. పెన్సిలుతో రాసుకుంది. వారానికోసారి మళ్ళీ ఒక్కొక్కరినీ వింటుంది. ముందుకు పోయినవాడి పేరు చెరిపి ఇంకో పేజీలో రాస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం. టీచరు ఒకరు, జట్లు మూడు. ఒక జట్టుతో కూర్చుంటే మిగతా రెండూ ఏం చేస్తాయి? ట్రైనింగ్ టీచర్లు అందరూ ఇక్కడే బోల్తాపడతారు. ఈ అమ్మాయీ పడింది. మొదటి రోజు చెట్టు కింద పది నిమిషాలు కూర్చుందో లేదో, కిటికీ దగ్గర కొట్లాట, వసారాలో ఏడుపు. లేచి పరుగెత్తింది. ఇటు కోప్పడి అటు పోయేసరికి మళ్ళీ మామూలే. గంట అయిపోయింది. ఎవరికీ పాఠం లేదు.

"సార్, బడి చేపల వేలంపాట లాగా ఉంది" అంది.

నేను నవ్వాను. పడవలొచ్చినప్పుడు ఒడ్డున పాట చూశారా? పది గొంతులు ఒకేసారి అరుస్తాయి. మనకు చెవులు పగిలిపోతాయి. కానీ పాట పాడేవాడు తన రేటు పోగొట్టుకోడు. ఎవరి చెవి వాళ్ళ బేరం మీదే ఉంటుంది. కాబట్టి గోల తప్పు కాదు. చేతిలో బేరం లేనివాడు కొట్లాటకు దిగుతాడు. నిశ్శబ్దం కోరద్దు, పని ఇవ్వండి. టీచరు పక్కన లేకపోయినా చేసుకోగలిగిన పని అయి ఉండాలి. పని అయిందో లేదో దూరం నుంచి చూసినా కనపడాలి.

కథ చదవగలిగిన జట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వాళ్ళకు పుస్తకాలిచ్చి అడ్డం తప్పుకోవడమే. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు చదువుతారు, ఒకరు వింటారు. తర్వాత తారుమారు. వాక్యాల జట్టుకు వాక్యాలు కోసిన కాగితం ముక్కలు. వరసలో పేర్చి కథ చేయాలి. పేర్చారా లేదా చెట్టు కింద నుంచే కనపడుతుంది.

మరి అక్షరాల జట్టు? టీచరు మొదట కూర్చోవాల్సింది వీళ్ళతోనే. ఎక్కువసేపు కూర్చోవాల్సిందీ వీళ్ళతోనే. మాకందరికీ ఒక బలహీనత ఉంది, దాచుకోను. బాగా చదివే పిల్లల దగ్గర కూర్చోవడం మాకు హాయి. తడబడేవాళ్ళ దగ్గర కాలం గడవదు. అందుకే ముందు చెట్టు కింద కూర్చోవాలి. ఆ పావుగంట అయ్యాకే మిగతావి.

చెట్టు కింద ఆ అమ్మాయి చేసిన పని నాకు బాగా నచ్చింది. అక్కడ కొంచెం ఆగుతాను. వాచకం మూసేసింది. "మీ ఊళ్ళో ఏమేం ఉన్నాయిరా?" అని అడిగింది. పిలకాయలు చెప్పుకుంటూ పోయారు. తను అక్కడే పోసి పెట్టిన ఇసుకలో వేలితో రాసింది. అల. వల. పడవ.

ఈ మూడు మాటలు ఒకసారి మనసులో రాసి చూడండి. గుణింతం లేదు. ఒత్తు లేదు. సున్నా లేదు. అన్నీ విడి అక్షరాలే. సముద్రం ఒడ్డున పుట్టిన బిడ్డకు మొదటి పాఠం మన లిపే అమర్చిపెట్టింది. ఇన్నేళ్ళు పంతులు పని చేశాను, నాకు తట్టలేదు. నాలుగే అక్షరాలతో మూడు మాటలు. అ, ల, వ, మూడు అయ్యాయి. ప, డ కలిస్తే ఐదు. సరే, ఐదు అక్షరాలు. లెక్కలో నేనెప్పుడూ వెనకే.

అదే పిలకాయలకు సముద్రం అని రాసి చూపించండి. కళ్ళు తేలేస్తారు. రోజూ చూసే సముద్రమే. కొమ్ము ఒకటి, కింద ర వత్తు ఒకటి, చివర సున్నా. రొయ్య కూడా అంతే. నోటికి సులువు, కంటికి కష్టం. ఒత్వం ఉంది, కింద య వత్తు ఉంది. ఆ య వత్తుకు అసలు య పోలికే లేదు. మ, న, త, ల ఒత్తులూ అంతే. తల్లిని పోలని పిల్లలు.

ఇంకో సంగతి. ఇంట్లో బిడ్డ మొదట పలికే మాటలేంది? అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, చెల్లి. అన్నిట్లోనూ ఒత్తే. వాచకం మొదటి పేజీలో అ అంటే అమ్మ అని బొమ్మ ఉంటుంది. బిడ్డ బొమ్మ చూసి అమ్మ అంటాడు, ఒత్తు చదివి కాదు. మేం చదివేశాడనుకుంటాం. అందుకే ఆ అమ్మాయి అల, వల, పడవ అయ్యాక నేరుగా ఇంట్లోకి పోయింది. ఒక్కో బిడ్డ ఇంట్లో ఎవరెవరున్నారో ఒక్కో చీటీ మీద రాసిచ్చింది. చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి పోవాలి. అక్క అన్న చీటీ అక్కకు చూపించాలి. అన్న చీటీ అన్నకు. చీటీలు తారుమారైతే ఇంట్లో నవ్వుతారు. అంతకంటే పరీక్ష ఏముంది?

ఇసుక అన్నాను కదా. ఇసుకలో అక్షరాలు మనకు కొత్తేం కాదు. పాత వీధిబడిలో పలక కంటే ముందు ఇసుకే. 1789లో ఆండ్రూ బెల్ అనే ఇంగ్లీషు చర్చి పాదిరీ మద్రాసు ఎగ్మోరులో సైనికుల పిల్లల బడికి అధికారిగా వచ్చాడు. దారిలో ఒక నాటు బడి చూశాడు. పిల్లలు ఇసుకలో వేలితో రాస్తున్నారు. అది చూసి తన బడిలోనూ ఇసుక పోయించాడు. వచ్చిన పిల్లల చేత రానివాళ్ళకు చెప్పించాడు. 1797లో దాని మీద లండనులో పుస్తకం అచ్చు వేశాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో అది ఇంగ్లండు బళ్ళకు పాకింది. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలో బళ్ళు లెక్కపెట్టించాడు. 533 తేలాయి. తెలుగు బళ్ళూ వాటిలో ఉన్నాయి. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పే ఈ పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకుందనీ రాశాడు. అదే నివేదికలో ఒక ఫిర్యాదూ ఉంది. పిల్లలు అర్థం తెలియకుండా కంఠతా పడుతున్నారని. పేజీ తిప్పకుండా చదివిన మా అబ్బోడు గుర్తొచ్చాడు నాకు.

అంటే జట్టు కట్టడం ఒక్కటే చాలదు. వినడం కావాలి. దాన్నే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను.

ఇంకా ఒక మాట. దీనికి గంట విడిగా కేటాయించాలి. హర్యానాలో ప్రభుత్వ బళ్ళలో ఇది చేసి చూశారు. రోజూ ఒక గంట తరగతుల లెక్క తీసేసి, చదవగలిగినదాన్ని బట్టి కూర్చోబెట్టారు. పిల్లల చదువు మెరుగుపడింది. టీచర్లకు శిక్షణా పుస్తకాలూ ఇచ్చి, ఇలా గంట విడదీయని చోట ఫలితం దాదాపు లేదు. ఈ పరిశోధనలు చేసినవాళ్ళలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాళ్ళే. పెద్ద పేర్లు చెబితేనే వినే హెడ్మాస్టర్లు కొందరుంటారు, వాళ్ళ కోసం చెప్పాను.

ఆ అమ్మాయి శిక్షణ అయిపోయింది. పోయేముందు ఆ నోటుబుక్కు అక్కడి టీచరు చేతిలో పెట్టింది. అక్షరాల పేజీలో ఉన్న ఐదో తరగతి అబ్బాయి పేరు చెరిపి ఉంది. వాక్యాల పేజీలో ఉంది. కథల పేజీకి ఇంకా రాలేదు. వారం వారం వినేవాళ్ళుంటే వస్తాడు.

ఇప్పుడు తల్లిదండ్రులకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట ఆగుతుంది. మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. పిలకాయలకూ ఎక్కువ రోజులు అప్పుడే సెలవులు. మీరు ఇంటి ముందు కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు. ఏదో ఒక కాగితం ఇవ్వండి. నెత్తళ్ళు చుట్టి తెచ్చిన పాత పేపరైనా సరే. నడిమధ్యన ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేందిరా అని అడగండి. వెంటనే చెబితే ఇంకో మాట. వెనక్కి పోయి మొదటి నుంచి పాట ఎత్తుకుంటే, బడి తెరవగానే వచ్చి టీచరుకు ఆ సంగతి చెప్పండి. కొట్టద్దు. ట్రే ఎత్తినవాడెవడూ రొయ్యను కొట్టడు.